చంపక తప్పనప్పుడైనా నొప్పి వద్దన్న చట్టం: రుక్మిణీదేవి అరండేల్ జీవితం

న్యూఢిల్లీ: దేశ రాజధానిలో ధౌలా కువాన్ పేరు వినగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది శ్రీ వేంకటేశ్వర కళాశాల. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన ఆ విద్యాలయంలో చదువుకున్న తెలుగు కుటుంబాల పిల్లలు దేశమంతటా ఉన్నారు. తక్కిన ఢిల్లీకి మాత్రం ధౌలా కువాన్ ప్రధానంగా ఒక కూడలి. హరియాణా వైపు నుంచి, పాలం విమానాశ్రయం వైపు నుంచి వచ్చే రహదారి రింగ్ రోడ్డును కలుసుకునేది అక్కడే. మనుషులతో పాటు పశుపక్ష్యాదులు కూడా నగరంలోకి వచ్చే, నగరం నుంచి వెళ్లే దారి అది. 1950లలో విదేశీ ప్రయోగశాలలకు విమానాల్లో పంపిన ఉత్తరాది కోతులు పాలం చేరాలన్నా, ఈనాడు హరియాణా ఫారాల్లో పెరిగిన కోళ్లు నైరుతి ఢిల్లీ దుకాణాలకు చేరాలన్నా ఇటువంటి దారులే ఆధారం.

పంజరంలో తరలించే ప్రాణికి ఎంత చోటు ఉండాలి, దానిని ఎలా మోయాలి, ఆహారం కోసం చంపేటప్పుడు ఎంతవరకు బాధ పెట్టవచ్చు అన్న ప్రశ్నలకు భారతదేశంలో మూలమైన సమాధానం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టంలో ఉన్నది. ఆ చట్టానికి బీజం వేసిన వ్యక్తి న్యాయవాది కారు, పశువైద్యురాలు కారు, వృత్తి రాజకీయాల్లో ఉన్నవారూ కారు. భరతనాట్యానికి కొత్త ప్రతిష్ఠ తెచ్చిన కళాకారిణిగా లోకం ఎరిగిన రుక్మిణీదేవి అరండేల్. జీవితాంతం శాకాహారిగా ఉన్న ఆమె పేరుతో ముడిపడిన చట్టం మాంసాహారాన్ని నిషేధించలేదు. చంపే పద్ధతిని గురించి మాట్లాడింది. ఆమె ప్రజాజీవితంలో అత్యంత కఠినమైన సర్దుబాటు అదే. కళాక్షేత్రం నీడలో ఆ సంగతి తక్కువగా చర్చకు వచ్చింది.

మదురై నుంచి అడయారుకు

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రభుత్వ ఇంజినీరు, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. ఉద్యోగ విరమణ అనంతరం ఆయన కుటుంబాన్ని మద్రాసుకు తరలించి, సమాజ ప్రధాన కేంద్రమైన అడయారు చేరువలో స్థిరపడ్డారు. ఆ ఇంటి పిల్లల్లో శ్రీరామ్ తరువాతి కాలంలో దివ్యజ్ఞాన సమాజానికే అధ్యక్షులయ్యారు. అనిబిసెంట్ ప్రాబల్యం ఉచ్ఛస్థితిలో ఉన్న రోజులవి. మదనపల్లెలో పుట్టిన తెలుగు బాలుడు జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా తీర్చిదిద్దే ప్రయత్నం అప్పటికే సాగుతున్నది. దేశదేశాల వారు వచ్చిపోయే ఆ తోటలో ప్రాణికోటి అంతా ఒక్కటే కుటుంబమన్న భావన ఉపన్యాసాలకు పరిమితం కాలేదు. భోజనశాలలో, పశుశాలలో, చెట్లు కొట్టే విషయంలో కూడా అది నియమంగా ఉండేది.

1920లో, 16 ఏళ్ల వయసులో, ఆమె జార్జ్ సిడ్నీ అరండేల్‌ను వివాహమాడారు. ఆయన ఆంగ్లేయుడు, కాశీలోని సెంట్రల్ హిందూ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు, వయసులో ఆమెకంటే పాతికేళ్లకు పైగా పెద్దవారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబపు బాలిక విదేశీయుని పెళ్లాడటం మద్రాసులో పెద్ద దుమారం రేపింది. దూషణలకు జవాబు చెప్పకుండా తన పని తాను చేసుకుపోవడం ఆమె అప్పుడే నేర్చుకున్నట్లు కనిపిస్తుంది. తరువాత నాట్యరంగంలోనూ, పార్లమెంటులోనూ ఆ అలవాటే అక్కరకు వచ్చింది.

భర్తతో కలిసి చేసిన దేశాంతర యాత్రల్లో రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయం ఏర్పడింది. సొంత దేశపు నాట్యాన్ని వెదకమని ఆ నర్తకి ఇచ్చిన సలహా ఆమెను మైలాపూరు గౌరీ అమ్మాళ్ వద్దకు, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై వద్దకు చేర్చింది. 1935లో దివ్యజ్ఞాన సమాజ వజ్రోత్సవాల సందర్భంగా అడయారులో ఆమె తొలిసారి సభాముఖంగా నర్తించారు. మరుసటి ఏడు కళాక్షేత్రం పుట్టింది. నాట్యం నుంచి శృంగారాన్ని తగ్గించి, తరతరాలుగా దానిని కాపాడిన దేవదాసీ కుటుంబాలను పక్కకు నెట్టారన్న విమర్శ ఆమెపై అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. ఆ విమర్శను కొట్టివేయడం సాధ్యం కాదు. తెలుగువారికి సంబంధించినంతవరకు కళాక్షేత్రం చేసిన మేలు వేరు. మేలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగులో రచించిన భాగవతమేళ నాటకాలను వేదిక మీదికి తెచ్చింది. సహజ రంగుల కలంకారీకి తన ఆవరణలో చోటిచ్చింది.

1945లో అరండేల్ మరణించారు. నాటికి ఆమె వయసు 41 ఏళ్లు. సంస్థ బాధ్యత అంతా ఆమె మీదనే పడింది.

రాజ్యసభలో నామినేటెడ్ స్థానం

1952లో తొలి రాజ్యసభకు రాష్ట్రపతి నామినేట్ చేసిన 12 మందిలో రుక్మిణీదేవి ఒకరు, వారిలో ఏకైక మహిళ. ఆ జాబితాలో జాకిర్ హుసేన్, శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, నెల్లూరు సీమలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థకు సారథ్యం వహించిన మేజర్ జనరల్ సాహిబ్ సింగ్ సోఖే కూడా ఉన్నారు. టీకాలు, సీరాలు తయారుచేసే ఆ సంస్థ పని జంతువులు లేకుండా సాగేది కాదు. జంతువుల కోసం గొంతెత్తిన సభ్యురాలు, జంతువుల ద్వారా మనుషులను కాపాడిన వైద్యుడు ఒకే నామినేటెడ్ వరుసలో కూర్చున్న సభ అది.

కళాకారులకు ఇచ్చే నామినేటెడ్ స్థానాన్ని గౌరవ చిహ్నంగా భావించి మిన్నకుండటం వింత కాదు. రుక్మిణీదేవి ఆ స్థానాన్ని పనిముట్టుగా వాడారు. అప్పటికి అమలులో ఉన్నది 1890 నాటి బ్రిటిష్ చట్టం. దాని దృష్టిలో జంతువు అంటే పెంపుడు జంతువు, లేదా పట్టి బంధించిన జంతువు మాత్రమే. ఆచరణలో అది పట్టణాల హద్దులు దాటేది కాదు. బండికి కట్టిన గుర్రాన్ని బజారులో చావగొడితే పోలీసు అడగవచ్చు. ఊరి బయట అదే పని జరిగితే అడిగే దిక్కు లేదు. ఆమె ఈ చట్టం స్థానే కొత్తది కావాలంటూ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. 1954లో దానిపై చర్చ జరిగింది.

ప్రైవేటు బిల్లులు నెగ్గడం ఆనాడూ అరుదే. అయినా ఈ చర్చలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా జోక్యం చేసుకున్నారు. బిల్లు వెనుక ఉన్న ఉద్దేశాన్ని మెచ్చుకుని, ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని, అందుకు ముందుగా ఒక కమిటీ వేస్తుందని సభకు తెలిపి, బిల్లును ఉపసంహరించుకోవలసిందిగా కోరారు. ఆమె అంగీకరించారు. కమిటీలకు అప్పగించిన విషయాలు మరుగున పడటం మన పరిపాలనలో కొత్త సంగతి కాదు కనుక ఆ అంగీకారంలో కొంత ప్రమాదం ఉన్నది. కమిటీ ఏర్పడింది, నివేదిక ఇచ్చింది, ప్రభుత్వ బిల్లు సభ ముందుకు వచ్చింది. 1960 డిసెంబరు 26న రాష్ట్రపతి ఆమోదం లభించి అది 1960లోని 59వ చట్టమైంది. ఆమె బిల్లుకు, ఈ చట్టానికి మధ్య గడిచిన కాలం ఆరేళ్ల పైచిలుకు.

ఆ ఆరేళ్లలో ఆమె రాజ్యసభ సభ్యత్వం ఒకసారి ముగిసి తిరిగి లభించింది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఒక చేత్తో కళాక్షేత్రంలో రామాయణ నృత్యనాటకాల పరంపరను కూర్చుతూ, మరో చేత్తో కబేళాల గురించిన పత్రాలు చదివిన సంవత్సరాలవి.

చట్టంలో కోడి ఎక్కడుంది?

1960 చట్టంలో జంతువు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా చిన్నది. మనిషి కాని ఏ ప్రాణి అయినా జంతువే. ఈ ఒక్క వాక్యంతో పక్షి, చేప, పాము అన్నీ చట్టం లోపలికి వచ్చాయి. దీని విలువ తెలియాలంటే ఆనాటి ఇతర దేశాలను చూడాలి. కబేళాలో పశువును కోసేముందు యంత్రంతో స్పృహ తప్పించాలన్న నియమాన్ని బ్రిటన్ 1933లోనే చేసింది. కోళ్ల వంతు వచ్చేసరికి 1967 అయింది. అమెరికా 1958లో నొప్పి తెలియని వధ కోసం ప్రత్యేక చట్టం చేసింది. పశువులు, గొర్రెలు, పందులు అందులో ఉన్నాయి, కోళ్లు మాత్రం నేటికీ దాని పరిధిలోకి రాలేదు. సంఖ్యాపరంగా మనిషి అత్యధికంగా చంపి తినే భూచర ప్రాణి కోడి. ప్రపంచవ్యాప్తంగా ఏటా 7,000 కోట్ల పైమాటే. అటువంటి ప్రాణిని సంపన్న దేశాలు మరచిన కాలంలో, భారత చట్టం నిర్వచనంలోనే చేర్చుకుంది.

వధ విషయంలో చట్టం ఏమన్నది? ఆహారం కోసం జంతువును చంపడం నేరం కాదని 11వ సెక్షన్‌లో స్పష్టంగా ఉన్నది. ఆ వెనువెంటనే ఒక షరతు కూడా ఉన్నది. చంపడంలో గాని, చంపడానికి సిద్ధం చేయడంలో గాని అనవసరమైన నొప్పి, బాధ కలిగిస్తే ఆ మినహాయింపు వర్తించదు. అదే సెక్షన్‌లో, ప్రాణి కదలడానికి తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో బంధించడం నేరం. అనవసరమైన బాధ కలిగే విధంగా వాహనం మీద తరలించడం నేరం. కాళ్లు కట్టి, తలకిందులుగా మోటారు సైకిలు హ్యాండిల్‌కు ఇరువైపులా వేలాడదీసిన నాటుకోళ్లను ఆంధ్ర, తెలంగాణ పల్లె సంతల దారుల్లో చూడనివారు లేరు. ఆ దృశ్యాన్ని నేరంగా చూడటానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. 1960 నాటి వాక్యాలే చాలు.

మరింత ఆశ్చర్యం కలిగించేది 9వ సెక్షన్. జంతు సంక్షేమ మండలి చేయవలసిన పనుల జాబితా అది. కబేళాల నిర్మాణం, నిర్వహణ, వధ పద్ధతులపై ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు సలహా ఇవ్వడం వాటిలో ఒకటి. వధకు ముందు దశల్లో జంతువు పడే బాధను, శారీరకమైనదైనా మానసికమైనదైనా, వీలైనంతవరకు తొలగించాలని, చంపక తప్పనప్పుడు సాధ్యమైనంత కరుణతో చంపాలని అక్కడ రాసి ఉన్నది. జంతువుకు మానసిక బాధ ఉంటుందని శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోని రోజుల్లో భారత పార్లమెంటు ఆ మాటను శాసనంలో పెట్టింది. ఒక మేక ఎదుట మరో మేకను కోయరాదన్న 2001 నాటి కబేళా నియమానికి ఆధారం ఈ చట్టమే.

చట్టంలో రాజీ కూడా అంతే స్పష్టంగా ఉన్నది. ఏ మతం వారైనా తమ మతం కోరిన పద్ధతిలో జంతువును చంపితే ఈ చట్టం కింద నేరం కాదని 28వ సెక్షన్ చెబుతుంది. ఇది ఒక్క మతానికి ఇచ్చిన వెసులుబాటు కాదు. దేవాలయాల్లో జంతు, పక్షి బలులను నిషేధిస్తూ ఉమ్మడి మద్రాసు రాష్ట్రం 1950లోనే వేరే చట్టం చేసింది. ఆంధ్ర ప్రాంతానికి అది వారసత్వంగా వచ్చింది. కేంద్ర చట్టం ఆ దారి పట్టలేదు. ప్రయోగశాలల్లో జంతువులపై ప్రయోగాలను కూడా నిషేధించకుండా, పర్యవేక్షణకు కమిటీని మాత్రమే సూచించింది.

మాంసాహారమే తప్పని నమ్మిన వ్యక్తి ఇటువంటి చట్టంతో ఎలా సరిపెట్టుకున్నారన్న ప్రశ్న సహజం. ఆమె నమ్మకం సడలిందని చెప్పడానికి ఆధారం లేదు. 1955 నుంచి అంతర్జాతీయ శాకాహార సమాఖ్యలో ఉపాధ్యక్షురాలిగా కొనసాగిన ఆమె శాకాహార ప్రచారాన్ని చివరి వరకు మానలేదు. ప్రచారం వేరు, శాసనం వేరు అన్న తేడాను ఆమె గుర్తించారు. దేశంలో అధికులు మాంసం తినేవారే. వారందరినీ నేరస్తులను చేసే చట్టం కాగితం మీదే మిగిలిపోయేది. రేపు ఉదయం కత్తి కింద మెడ పెట్టబోయే ప్రాణికి ఆ కాగితం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ ప్రాణి చివరి గంటలో బాధ తగ్గితే అది కూడా లాభమేనన్న లెక్క ఆమె చర్యల్లో కనిపిస్తుంది. పూర్తి నిషేధం కోరే శిబిరానికి ఇది ఓటమిలా తోచవచ్చు. ఆమె జీవితంలో సంస్కర్తకు, శాసనకర్తకు మధ్య ఉన్న దూరం ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

పాలం దారిన కోతులు

బిల్లు కమిటీ చేతిలో ఉన్న కాలంలోనే మరో వివాదం ముందుకు వచ్చింది. పోలియో టీకా తయారీకి, పరీక్షలకు రీసస్ కోతుల మూత్రపిండాల కణాలు అవసరమయ్యేవి. ఆ కోతులు లభించేది ప్రధానంగా ఉత్తర భారతంలో. వేలకు వేలు పట్టి, ఇరుకు పెట్టెల్లో కుక్కి విమానాల్లో పంపేవారు. 1955 ఆరంభంలో లండన్ విమానాశ్రయంలో నిలిపిన ఒక వాహనంలో దాదాపు 400 కోతులు ఊపిరాడక మరణించాయి. ఆ వార్త బ్రిటన్‌లోనూ, భారత్‌లోనూ కలకలం రేపింది. భారత ప్రభుత్వం ఎగుమతులను కొంతకాలం నిలిపివేసింది. వైద్య పరిశోధనకు, టీకాకు మాత్రమే వాడతామన్న హామీల మీద మళ్లీ అనుమతించింది.

ఈ సందర్భంలో నీతి ప్రశ్న తేలికైనది కాదు. ఒక పక్క పోలియోతో కాళ్లు చచ్చుబడే పసిబిడ్డలు, మరో పక్క పెట్టెల్లో ఊపిరాడక చచ్చే కోతులు. రుక్మిణీదేవి కోతుల ఎగుమతిని ఎడతెగక వ్యతిరేకించారు. ఆ వ్యతిరేకత ఫలించడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఎగుమతి చేసిన కోతులను సైనిక ప్రయోజనాల కోసం రేడియేషన్ ప్రయోగాల్లో వాడారన్న సంగతి బయటపడిన తరువాత, మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978 ఏప్రిల్ నుంచి ఎగుమతిని పూర్తిగా నిషేధించింది.

ఆ మొరార్జీయే అంతకుముందు ఏడాది ఆమెను మరో పదవికి అడిగారు. 1977లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా మరణించడంతో ఎన్నిక అవసరమైంది. రాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలబడవలసిందిగా మొరార్జీ కోరితే ఆమె నిరాకరించారు. చివరికి అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి పోటీ లేకుండా ఎన్నికై రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు. తొలి మహిళా రాష్ట్రపతి కాగల అవకాశాన్ని ఆమె వదులుకున్నారు. దేశానికి ఆ ఘట్టం 2007లో గాని రాలేదు.

రాజ్యసభ సభ్యత్వం 1962లో ముగిసింది. అదే ఏడాది భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడగా ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. మండలి కేంద్ర కార్యాలయం ఢిల్లీలో కాక మద్రాసులో వెలసింది. చట్టబద్ధమైన ఇటువంటి మండలి ప్రపంచంలో చాలా దేశాలకు అప్పటికి లేదు. దాని అధికారం మాత్రం సలహాకే పరిమితం. నిధులు స్వల్పం. బండి ఎడ్ల మెడలపై కాడి పుండ్లు, సర్కస్ జంతువులు, వీధి కుక్కలు, కబేళాలు ఆనాటి మండలి ముందున్న సమస్యలు. బరువు మోసే ఎద్దులు, గుర్రాలు ప్రతి వీధిలోనూ కనిపించే కాలం కనుక అది సహజమే.

మారిన పరిశ్రమ

చట్టం రాసిన నాటికి కోడి అంటే పెరటి కోడి. గంప కింద మూసిపెట్టి, చుట్టం వస్తే కోసే కోడి. ఆమె మండలి అధ్యక్షురాలిగా ఉన్న పాతికేళ్లలోనే ఆ చిత్రం తలకిందులైంది. ఈ మార్పులో తెలుగువారి పాత్ర పెద్దది. తెలుగువాడైన బండా వాసుదేవరావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్, ఆయన చొరవతో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ కోళ్ల పెంపకాన్ని పరిశ్రమగా మార్చాయి. నేడు దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉన్నది. గుడ్డు పేదవాడి పళ్లెంలోకి, బడి పిల్లల మధ్యాహ్న భోజనంలోకి వచ్చిందంటే దానికి కారణం ఈ పరిశ్రమే. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

ఖర్చు మాత్రం కోడి చెల్లించింది. గుడ్ల కోసం పెంచే లేయర్ కోడికి ఇనుప తీగల పంజరంలో దక్కే చోటు సాధారణంగా ఒక ఏ4 కాగితం కంటే తక్కువ. రెక్క చాచడానికి, గుడ్డు పెట్టేముందు గూడు వెదకడానికి వీలు లేదు. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ ఆరు వారాల్లో అమ్మకానికి సిద్ధమవుతుంది. కదలడానికి తగిన చోటు లేని పంజరం నేరమన్న 11వ సెక్షన్‌ను అక్షరాలా చదివితే దేశంలోని బ్యాటరీ పంజరాల్లో ఎన్ని నిలుస్తాయో చెప్పడం కష్టం.

వధ దగ్గరికి వస్తే రెండు లోకాలు ఉన్నాయి. పెద్ద కర్మాగారాల్లో కోళ్లను కాళ్లతో గొలుసుకు వేలాడదీస్తారు. గొలుసు కదులుతూ తలలను విద్యుత్తు ప్రవహించే నీటి తొట్టిలో ముంచుతుంది. స్పృహ తప్పిన తరువాత మెడ కోస్తారు, నెత్తురు కారిపోయాక వేడినీటిలోకి పంపుతారు. విద్యుత్తు చాలకపోయినా, కోడి తల పైకెత్తి నీటిని తప్పించుకున్నా అది మెలకువతోనే కత్తి దాకా వెళుతుంది. మెడ సరిగా తెగకపోతే వేడినీటి దాకా కూడా. అందువల్ల కొన్ని దేశాల్లో బొగ్గుపులుసు వాయువు లేదా ఆర్గాన్ వంటి జడవాయువులతో, తెచ్చిన పెట్టెల్లో ఉండగానే స్పృహ తప్పించే పద్ధతి వచ్చింది. ప్రాణంతో తలకిందులుగా వేలాడదీసే భయం దానిలో తప్పుతుంది. బొగ్గుపులుసు వాయువు గాఢత ఎక్కువైతే కోడి ఉక్కిరిబిక్కిరి అవుతుందన్న అభ్యంతరం ఆ పద్ధతికి ఉన్నది. యంత్రాల ఖరీదు కూడా ఎక్కువే.

రెండో లోకం వీధి చివరి చికెన్ దుకాణం. కొనుగోలుదారు వేలు చూపిన కోడిని ఇనుప పంజరంలో నుంచి రెక్క పట్టి లాగుతారు, తూకం వేస్తారు, మెడ కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో పడవేస్తారు. డ్రమ్ములో కొట్టుకోవడం ఆగేవరకు మరో కోడి తూకం సాగుతుంది. పంజరంలోని తక్కినవి అంతా చూస్తుంటాయి. దేశంలో వినియోగదారులు కొనే కోడిమాంసంలో పెద్ద భాగం ఇటువంటి చోట్ల నుంచే వస్తుంది. వధకు ముందు మానసిక బాధను తొలగించాలన్న 9వ సెక్షన్ వాక్యం ఆ డ్రమ్ము దాకా చేరలేదు. దుకాణదారుని దోషిగా నిలబెట్టడం సులభం. స్పృహ తప్పించే చిన్న పరికరం గాని, దాని వాడకంలో శిక్షణ గాని, లైసెన్సు ఇచ్చే పురపాలక సంఘం నుంచి ఒక తనిఖీ గాని అతని దాకా వచ్చిన సందర్భాలు ఎన్ని అన్నది అసలు ప్రశ్న.

రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న, 82వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, మద్రాసులో మరణించారు. కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తిస్తూ 1993లో పార్లమెంటు చట్టం చేసింది. ఆమె నడిపిన జంతు సంక్షేమ మండలి 2018లో చెన్నై విడిచి రాజధాని ప్రాంతానికి, హరియాణాలోని బల్లభ్‌గఢ్‌కు తరలింది.

ఆమె బీజం వేసిన చట్టాన్ని న్యాయస్థానాలు ఈలోగా కొత్తగా చదవసాగాయి. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఆకలి, అసౌకర్యం, నొప్పి, భయం నుంచి, సహజ ప్రవర్తనకు అడ్డంకుల నుంచి జంతువులకు స్వేచ్ఛ ఉండాలన్న సూత్రాలను ఈ చట్టంలోకి చదివింది. గోదావరి జిల్లాల సంక్రాంతి కోడిపందాలపై 2016 చివర హైదరాబాద్ హైకోర్టు నిషేధపు ఆదేశాలు ఇచ్చినప్పుడు కూడా ఈ చట్టమే ప్రధాన ఆధారం. పండుగ మూడు రోజులూ బరులు ఎలా నడుస్తున్నాయో భీమవరం పరిసరాల వారికి వేరే చెప్పనక్కరలేదు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను పూర్తిగా లేయర్, బ్రాయిలర్ కోళ్ల పెంపకం, రవాణాకే కేటాయించి, నియమాల ముసాయిదాను జతచేసింది. 2018లో ఢిల్లీ హైకోర్టు గాజీపూర్ కోళ్ల మార్కెట్‌లో పక్షులను కోయడాన్ని నిలిపివేసింది.

1960 చట్టంలో ఒక్కటి మాత్రం కదలలేదు. 11వ సెక్షన్ కింద తొలి నేరానికి జరిమానా 50 రూపాయలకు మించకుండా అని అప్పుడు రాశారు. దానిని పెంచే సవరణ బిల్లు ముసాయిదాను కేంద్రం 2022 నవంబరులో ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. బ్రాయిలర్ కోడి ఒక్కటి ఆనాటికే ఆ గరిష్ఠ జరిమానా కంటే ఎక్కువ ధర పలుకుతున్నది.